చెంబులోని పాలు, క్యానులోని పాలు

తెలుగువారు పాడిని, పంటను విడదీసి పలుకరు. దీవెన పలికినను, శుభాకాంక్ష తెలిపినను ఆ రెండు పదములు జంటగానే వెడలును. అందును పాడియే ముందు నిలుచును. ఆ వరుసకు పుట్టుక ఏమైనను, గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలను ఎరిగినవారికి అది సరియైన వరుసగానే తోచును. పత్తి ఏడాదికొక పంట. మిరప కోతకు వచ్చి, కల్లములో ఎండి, గుంటూరు యార్డునకు చేరి, ధర పలికిన పిదప గాని రైతు చేతికి పైకము రాదు. వాన తప్పినను, తెగులు సోకినను, ధర పడిపోయినను ఏడాది శ్రమ మట్టిలో కలియును. గేదె మాత్రము ఉదయమొక మారు, సాయంకాలమొక మారు ఇంటికి ఎంతో కొంత ఇచ్చుచునే యుండును. పది దినములకో, పదునైదు దినములకో వచ్చు పాల బిల్లు మీదనే పల్నాటి మెట్టలోను, దర్శి, పొదిలి ప్రాంతములలోను ఎన్నో ఇండ్లలో ఉప్పు, పప్పు, పిల్లల పుస్తకములు నడచుచున్నవి.

ఈ పాల విషయములో ఒక ప్రశ్న తరచుగా వినవచ్చును. రెండు గేదెలు గల ఇంటి పాలు మంచివా? ఏబది గేదెలను షెడ్డులో కట్టి, యంత్రముతో పితుకు పెద్ద డెయిరీ పాలు మంచివా? పట్టణవాసులలో కొందరు పల్లెటూరి చెంబులోని పాలు అమృతమనియు, షెడ్డులోని పాలు మందులమయమనియు తలతురు. మరికొందరు పల్లె పాలు నీళ్లపాలనియు, పెద్ద డెయిరీ పాలే శుభ్రమనియు వాదింతురు. రెండు మాటలలోను కొంత నిజము కలదు. కాని పాల మంచిచెడ్డలు పశువుల లెక్కలో లేవు. అవి మరియొక చోట ఉన్నవి. ఆ చోటు కనుగొనుట ఎట్లు?

పూర్వము ఈ ప్రశ్నకే తావు లేకుండెను. పాలు ఊరు దాటి పోయెడివి కావు. తెల్లవారుజామున పితికిన పాలు పొయ్యి మీదికో, దాలి లోనికో చేరెడివి. పిడకల సన్నని సెగ మీద దాలిలో పాలకుండ పగలంతయు కాగుచు ఎర్రబారి, మీగడ కట్టెడిది. సాయంకాలము తోడు పడెడిది. మరునాడు కవ్వమాడెడిది. వెన్న కాగి నెయ్యి అయ్యెడిది. ఊరు దాటి అంగడికి పోయెడి సరకు ఆ నేయియే గాని పాలు గావు. ఈ పద్ధతిలో ఒక శాస్త్రము దాగియున్నది. పాలు పితికిన కొలది సేపటికే సెగ తగులుటచే క్రిములు నశించును. తోడుపెట్టిన పాలలో పుట్టిన పులుపు చెడ్డ క్రిములను పెరుగనీయదు. నీరు ఇంకిపోయిన నేయి నెలల తరబడి నిలువయుండును. ఇంటి ఇల్లాలికి క్రిమి అను మాట తెలియకపోవచ్చును గాని, పాలకుండను ఎండబెట్టనిదే వాడరాదను నియమము తెలియును. నాడు పాల నాణ్యత ఆ యింటి గడపలోని విషయము. చెడినచో చెడినది ఆ యింటి పెరుగే.

పాలు ఊరు దాటిన నాడు సంగతి మారిపోయెను. 1967లో నాగార్జునసాగరు కుడి కాలువకు నీరు విడుదల అయిన తరువాత గుంటూరు, ప్రకాశం ప్రాంతముల సేద్యమే మారినది. జొన్న, వరిగ పండిన చోటులలో వరి, పత్తి, మిరప వెలసినవి. జొన్నచొప్ప తగ్గి వరిగడ్డి పెరిగినది. 1969లో యునిసెఫ్ సహాయముతో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారము నెలకొన్నది. 1974లో రాష్ట్ర పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1977లో గుంటూరు జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘము వడ్లమూడి కేంద్రముగా వెలసి, సంగం డెయిరీ అను పేర ప్రసిద్ధి కెక్కినది. తరువాతి కాలమున అది ఉత్పత్తిదారుల కంపెనీగా మారినది. ఒంగోలు కేంద్రముగా ప్రకాశం జిల్లా సంఘము నడచినది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినను పాల లారీల దారులు ఆ సరిహద్దులను లెక్కింపలేదు.

ఈ ఏర్పాటు పేదయింటికి గొప్ప మేలు చేసెను. లీటరు పాలున్న ఇల్లాలికి గూడ అంగడి దొరికెను. కాని దానితో పాటు ఒక కొత్త వస్తువు ఊరిలో ప్రవేశించెను. అదియే నలువది లీటర్ల అల్యూమినియము క్యాను. ఇంటికి రెండేసి లీటర్ల చొప్పున పోసినచో ఇరువది ఇండ్ల పాలు ఆ క్యానులో ఒక్కటి యగును. పందొమ్మిది ఇండ్లవారు చెంబులు తోమి, పొదుగు కడిగి, శుభ్రముగా తెచ్చినను, ఇరువదియవ యింటి ముంత పాచిదైనచో క్యాను మొత్తము పాచిదే. ఎవరి పాలు ఎట్టివో ఆ క్యానులో పేరు చెప్పుకొనవు. న్యూజిలాండులో ఒక్కొక్క డెయిరీలో సగటున నాలుగు వందలకు పైబడిన ఆవులుండును. అక్కడ లారీ వచ్చి ఒక రైతు తొట్టిలోని పాలను తీసికొనునపుడు అవి ఎవరివో, ఎట్టివో ఆ రైతు పేరనే లెక్కకు ఎక్కును. ప్రపంచములో అత్యధికముగా పాలు ఉత్పత్తి చేయు దేశము 1998 నుండి భారతదేశమే. ఆ పాలలో అధిక భాగము ఒకటి, రెండు, మూడు పశువులున్న ఇండ్ల నుండి వచ్చుచున్నది. కావున చిన్న రైతు పాల నాణ్యతను గూర్చి చింతించుట అనగా దేశపు పాల నాణ్యతను గూర్చి చింతించుటయే.

నాణ్యత అనగా నేమి? ఊరి పాల కేంద్రము వద్ద క్యూలో నిలుచున్న స్త్రీలు, “వదినా, నీకియ్యాల వెన్న ఎంత పడింది?” అని ఒకరి నొకరు అడుగుకొందురు. వారి దృష్టిలో నాణ్యత అనగా వెన్న శాతము. ఈ కొలతకు మూలపురుషుడు స్విట్జర్లండు దేశీయుడైన నిక్లౌస్ గెర్బర్. పందొమ్మిదవ శతాబ్ది చివర ఆయన గంధకామ్లముతో పాలలోని మాంసకృత్తులను కరగించి, గాజుగొట్టములో వెన్నను వేరుపరచి కొలుచు పద్ధతిని కనిపెట్టెను. వేలితో తాకి, వాసన చూచి ధర కట్టు దళారి యుగము దానితో చాలవరకు అంతరించెను. అటు తరువాత పాల కేంద్రములలో విద్యుత్తుతో పనిచేయు పరికరములు వచ్చినను కొలుచునది ఆ వెన్ననే.

కాని వెన్న ఒక్కటియే నిజము చెప్పదు. ఏడు శాతము వెన్న గల గేదె పాలు తొమ్మిది లీటర్లలో ఒక లీటరు నీరు కలిపినచో వెన్న 6.3 శాతమునకు దిగును. గేదె పాలకు భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ విధించిన కనీసపు వెన్న 5 శాతమే కావున ఆ నీళ్లపాలు వెన్న పరీక్షలో నెగ్గిపోవును. అందుచేతనే వెన్న కాక పాలలోనుండు తక్కిన ఘనపదార్థములను, అనగా డెయిరీ వారు ఎస్.ఎన్.ఎఫ్. అనువానిని గూడ కొలుచుట వాడుకలోనికి వచ్చెను. గేదె పాలలో అవి కనీసము 9 శాతముండవలెను. పై ఉదాహరణములో 9.2 ఉన్నవి 8.3కు పడిపోవును, మోసము బయటపడును. ఇది పాలలో ఏమున్నదో చెప్పు కొలత. పాలు ఎంత శుభ్రముగా ఉన్నవో చెప్పు కొలత వేరు. శుభ్రమైనను పాలలో కనబడని విషమేమైన ఉన్నదా అని తెలుపు కొలత ఇంకను వేరు. సారము, శుభ్రత, నిర్దోషత అను ఈ మూడును కలిసినదే నాణ్యత. చిన్న పాడి, పెద్ద పాడి అను భేదము ఈ మూడింటి యెడ మూడు విధములుగా పనిచేయును.

సారము పశువు జాతిని, మేతను, ఈనిన దినములను బట్టి యుండును. ఇంటి గేదెకును, షెడ్డు గేదెకును ఇందు పెద్ద తేడా లేదు.

శుభ్రత విషయములో చిన్న పాడికి శత్రువు మురికి కాదు, కాలము. ఒక ఇంట పొదుగు కడిగి, చేయి కడిగి, తోమిన గిన్నెలో పితికిన పాలలో మిల్లీలీటరునకు ఏబది వేల క్రిములున్నవనుకొందము. భారత ప్రమాణముల ప్రకారము రెండు లక్షలకు లోబడినవి చాల మంచి పాలు. గుమ్మపాలకు కొంతసేపు తమను తాము కాచుకొను సహజశక్తి కలదు. అది చెల్లిన పిమ్మట వేసవి ఉక్కలో క్రిములు అరగంటకొకసారి రెట్టింపగునని లెక్కించినచో మూడు గంటలలో ఆరు మారులు రెట్టించి అరువది నాలుగింతలై, ముప్పది రెండు లక్షలగును. చాల మంచి పాలు మూడు గంటలలో మధ్యరకమునకు దిగజారిపోయెను. ఇందు ఇల్లాలి దోషమేమియు లేదు. ఆమె ఐదు గంటలకే పాలు పోసినది. క్యాను ఎండలో నిలిచినది. ఆటో ఆలస్యముగా వచ్చినది. ఈనగాచి నక్కలపాలు చేసినట్లు, ఆమె శ్రద్ధ అంతయు దారిలో ఆవిరి యైనది. నాలుగు డిగ్రీల చల్లదనములో క్రిముల పెరుగుదల దాదాపు నిలిచిపోవును. కావుననే ఊరికి దగ్గరగా బల్క్ కూలర్ వచ్చిన చోట చిన్న రైతు పాలు ఒక్కసారిగా మంచి పాలైనవి. పశువులు మారలేదు, మనుషులు మారలేదు. పొదుగునకును చలికిని నడుమనున్న గంటలు తగ్గినవి.

పెద్ద డెయిరీకి ఆ చలి షెడ్డులోనే యున్నది. పితికిన పాలు గొట్టము వెంట నేరుగా తొట్టికి పోవును. గాలి, ధూళి, ఈగ సోకవు. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఆ గొట్టమే దాని బలహీనత గూడ. చెంబును ఇసుకతోనో బూడిదతోనో తోమి, ఎండలో బోర్లించిన చాలును. యంత్రపు రబ్బరు తొడుగులను, గొట్టములను ప్రతి పూటయు వేడినీటితో, క్షారముతో, కొన్ని దినములకొకసారి ఆమ్లముతో కడుగవలెను. ఉప్పునీటి బోర్లు గల ఊళ్లలో గొట్టముల లోపల గట్టిపొర పేరుకొని క్రిములకు కాపురమగును. చెంబు మురికి కంటికి కనబడును. గొట్టపు మురికి కనబడదు. ఇంటి గేదె పొదుగు వాచినచో ఆ పూటనే ఇల్లాలి చేతికి తెలియును. ఏబది గేదెలను యంత్రము పితుకు చోట మొదటి ధారలను నల్లని గిన్నెలో పితికి చూచు అలవాటు లేకున్నచో పొదుగువాపు పాలు తొట్టి నిండిన పిదప గాని పట్టుబడవు.

ఈ రెండింటికిని నడుమ ఒక మధ్యస్థ పాడి కలదు. ఎనిమిదో, పదో గేదెలు; అప్పు తెచ్చి కొన్నవి; పితుకుటకు ఒక కూలివాడు. ఇల్లాలి కన్ను ప్రతి పొదుగు మీద నిలుచుటకు ఈ సంఖ్య ఎక్కువ. యంత్రము, కూలరు కొనుటకు ఈ సంఖ్య తక్కువ. ఇంటి శ్రద్ధ జారిపోయి, షెడ్డు సౌకర్యము చేతికందని స్థితి యిది. పాడిని పెంచవలెనని రైతునకు బోధించువారు మొదట ఈ మెట్టును గమనింపవలెను. గేదెలు పెరుగుటకు ముందే కడుగు నీరు, సిమెంటు నేల, పాలు చల్లబరచు వసతి పెరుగవలెను.

మూడవది నిర్దోషత. పత్తినేలలకు ఇది ప్రత్యేకముగా సంబంధించినది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని వ్యాధితో మరణించెను. వెదకగా, వానికి పెట్టిన వేరుసెనగ చెక్కలోని బూజు కారణమని తేలెను. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను ఆ బూజు పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. అది వేరుసెనగను, మొక్కజొన్నను, పత్తిగింజలను, మిరపకాయలను గూడ పట్టును. పత్తిచెక్క ఈ జిల్లాల గేదెలకు ప్రియమైన దాణా. చెమ్మ తగిలిన చెక్కలో బూజు పుట్టినచో, ఆ విషములో కొంత భాగము రూపు మార్చుకొని పాలలోనికి దిగును. ఎంత కాచినను అది పోదు. దాణాలో కిలోకు 20 మైక్రోగ్రాములు, పాలలో కిలోకు అర మైక్రోగ్రాము మించరాదని దేశీయ ప్రమాణములు విధించినవి.

2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతట 6,432 పాల నమూనాలను పరీక్షించి, 2019లో ఫలితములు ప్రకటించెను. ప్రాణమునకు చేటు తెచ్చు కల్తీ పండ్రెండు నమూనాలలో మాత్రమే కనబడెను. అఫ్లటాక్సిన్ పరిమితిని మించినవి నూటికి 5.7, క్రిమినాశక ఔషధముల శేషము మించినవి నూటికి 1.2. జనులు యూరియాకును, సబ్బుపొడికిని భయపడుచుండగా, అంతకంటె పెద్ద ముప్పు దాణా బస్తాలో నుండి వచ్చుచున్నదన్నమాట. కుండెడు పాలకు విషపు చుక్క అను సామెత ఇక్కడ అక్షరసత్యము.

ఈ ముప్పునకు చిన్న పెద్ద భేదము లేదు. తీరు మాత్రము వేరు. చిన్న రైతు వానకాలములో చెక్కను మట్టినేల మీద పెట్టును. అది చెమ్మ పీల్చును. పెద్ద రైతు లారీ లోడు తెప్పించును. ఆ లోడు చెడినదైనచో మందయంతయు దానినే తినును. పొదుగువాపునకు సూది వేయించిన గేదె పాలను మందు సీసా మీద వ్రాసిన దినములన్నియు పారబోయవలెను. ఏబదిలో ఒక గేదె పాలు పారబోయుట పెద్ద డెయిరీకి చిన్న నష్టము. ఉన్న ఒక్క గేదె పాలను ఐదు దినములు పారబోయుమని చెప్పుట ఒక ఇంటిని పస్తుండుమని చెప్పుటతో సమానము. ఇట్టి సమయములో సంఘము ఆ యింటికి ఆ దినముల పాల ధర నిచ్చి పాలను ఆపినచో, అది దానము కాదు. క్యానులోని తక్కిన పందొమ్మిది ఇండ్ల పాలకు రక్షణ. దాణా విషయములో చేయవలసినది సులభము. బస్తాను బల్ల మీద పెట్టుట, బూజు వాసన పట్టిన చెక్కను ఎంత ఖరీదైనను పారవేయుట, పురుగుమందు చల్లిన పత్తి మిరప చేల గట్ల మీది పచ్చిగడ్డిని కోయకుండుట. ఇవి రెండు గేదెల ఇంటికిని, రెండు వందల గేదెల షెడ్డుకును ఒక్కటే.

చిన్నవారి పాలు పెద్దవారి పాలతో సరితూగగలవా అను సందేహమునకు చరిత్రలో సమాధానమున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో డెన్మార్కు దేశమున జమీందారుల ఎస్టేట్ల వెన్నకు ఎక్కువ ధర, చిన్న రైతుల వెన్నకు తక్కువ ధర పలికెడిది. 1878లో స్వీడను దేశీయుడు గుస్తావ్ డి లావల్ పాల నుండి మీగడను నిరంతరముగా వేరుచేయు యంత్రమును నిర్మించెను. 1882లో హియెడ్డింగ్ అను పల్లెలో రైతులు కలిసి సహకార వెన్న కేంద్రమును స్థాపించిరి. పశువునకు ఏమి మేపవలెనో, పాలు ఎట్లు తేవలెనో తామే నియమములు వ్రాసికొనిరి. వానిని తామే పాటించిరి. కొలది ఏండ్లలోనే చిన్న రైతుల వెన్న ఇంగ్లండు అంగళ్లలో పేరు పొందెను. అక్కడ మారినది పశువుల సంఖ్య కాదు, కొలతయు, కట్టుబాటును.

ఆ పాఠము ఈ నేలకు గూడ చెల్లును. వెన్నకు, ఎస్.ఎన్.ఎఫ్.కు మాత్రమే ధర కట్టు చోట శుభ్రతకు ధర లేదు. పొదుగు కడిగిన ఇల్లాలికిని, కడుగని ఇల్లాలికిని బిల్లులో తేడా రాదు. ధర లేని శ్రమ ఎన్నాళ్లు నిలుచును? క్రిముల లెక్కకు ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. పాలలో మిథిలీన్ బ్లూ అను నీలిరంగు చుక్కలు వేసి, 37 డిగ్రీల వేడిమిలో ఉంచినచో క్రిములెక్కువైన పాలలో రంగు అరగంటలోనే మాయమగును. మంచి పాలలో ఐదు గంటలైనను నిలుచును. హైస్కూలు సైన్సు గదిలో గూడ ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపదగిన పరీక్ష యిది. వేర్వేరు ఇండ్ల పాలను, వేర్వేరు గంటలలో పరీక్షించిన విద్యార్థికి శుభ్రత అను మాట పుస్తకములోని నీతిగాక కంటి ముందటి సత్యముగా కనబడును. అదే పరీక్షను పాల కేంద్రములో వారమునకొకసారి ఇంటింటి పాలకు చేసి, నీలిరంగు నిలిచిన ఇంటికి లీటరునకు ఒక్క రూపాయి అదనముగా నిచ్చినచో, ఏ ఉపన్యాసమును చేయలేని పని ఆ రూపాయి చేయును.

చల్లకు వచ్చి ముంత దాచుట అను సామెత తెలుగు దేశమున పాతదే. పాలు కొనువారు నాణ్యత కావలెనందురు గాని, దానికి ధర ఇయ్యవలసి వచ్చినపుడు ముంత దాతురు. రెండు గేదెల ఇల్లాలు తెల్లవారుజామున లేచి కడిగిన చేతులకు లెక్క కట్టు కేంద్రము, ఆమె పాలను గంటలోపల చలికి చేర్చు కూలరు ఆ ఊరిలో ఉన్ననాడు, చెంబులోని పాలకును షెడ్డులోని పాలకును తగవు లేదు. ఆ రెండును లేనినాడు ఏబది గేదెలున్నను, ఐదు వందలున్నను, పట్టణములో పిల్లవాని గ్లాసులోనికి వచ్చునది ఎవరివో తెలియని పాలే.